ఉద్యోగపు బడలిక

రాత్రియంతయు నిద్రించియు తెల్లవారునప్పటికి ఒడలు బరువుగా నుండుట, ఇంటివారిపై అకారణముగా విసుగుకొనుట, నిన్నటివరకు ఇష్టముతో చేసిన పనిని తలచుకొన్నంతనే గుండె జారుట – ఇవి మన ఇండ్లలో కొత్తవి కావు. అట్టివానిని సోమరి యనువారును కలరు. ఇది సోమరితనము కాదని తేల్చుటకు విద్వాంసులకు నూరేండ్లకు పైగా పట్టినది.

1869లో జార్జి బియర్డ్ అను అమెరికా వైద్యుడు దీనిని నాడీదౌర్బల్యముగా వర్ణించెను. ఆవిరియంత్రము, తంతి, వార్తాపత్రికలు మనుష్యుని నరముల శక్తిని హరించుచున్నవని ఆయన వాదము. మెదడుతో పనిచేయువారికే ఇది హెచ్చుగా వచ్చునని నమ్మెను. మిల్లులో పగలెల్ల నిలుచుండు కూలివాని బడలిక ఆయన లెక్కలోనికి అంతగా రాలేదనవలెను.

1936లో హాన్స్ సెల్యే ఎలుకలపై పరిశోధించి, బాధ ఏ రూపమున వచ్చినను శరీరము మొదట ఉలికిపడి, పిమ్మట ఓర్చుకొని, తుదకు ఓడిపోవునని ప్రకటించెను. నడిమి దశయే మోసకరమని నాకు తోచును. ఓర్చుకొనుచున్నంతకాలము మనిషి తనకేమియు లేదనియే తలచును.

ఇందుకు సాక్షి హెర్బర్టు ఫ్రూడెన్‌బెర్గర్. ఈ మనస్తత్వవేత్త న్యూయార్కులో పగలు తన వృత్తి చూచుకొని, రాత్రులు ఉచిత చికిత్సాలయమున పనిచేయుచుండెను. కుటుంబముతో సెలవులకు బయలుదేరవలసిననాడు ఆయన పడకనుండి లేవజాలకపోయెను. పిదప టేపురికార్డరు ముందు తన గోడు చెప్పుకొని, తన కంఠమును తానే వినెను. అలసటతోపాటు అందు కోపమును వినవచ్చినది! రేడియో వినువారికి ఇది వింతగా తోచదు; ముఖము దాచినది కంఠము దాచదు గదా. 1974లో ఆయన ఈ స్థితికి ‘బర్న్ అవుట్’, అనగా కాలిపోవుట, అను పేరుతో వ్యాసము ప్రకటించెను. వదలని జలుబు, మాటిమాటికి తలనొప్పి, నిద్రలేమి, ముక్కోపము దాని గుర్తులు. శ్రద్ధాళువులే ముందుగా దీనికి లోనగుదురని కూడ వ్రాసెను.

అప్పటికే లండనులో, 1967లో, సుమారు 18,000 మంది ప్రభుత్వోద్యోగులను పరీక్షించుట ఆరంభమైనది. గుండెజబ్బు పెద్ద అధికారుల జబ్బని లోకము అనుకొనుచుండగా, ఆ మరణములు క్రిందితరగతి ఉద్యోగులలోనే హెచ్చని తేలెను. పొగత్రాగుట మొదలగునవి కొంతవరకే కారణములు. 1985లో మొదలైన రెండవ పరిశీలన మరియొక సంగతి తెలిపినది: తన పనిపై తనకు స్వాతంత్ర్యము లేనివానికే జబ్బు భయము అధికము.

2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ కాలిపోవుటను రోగముగా గాక వృత్తిసంబంధమైన స్థితిగా తన పట్టికలో వివరించినది. కనుక నాలుగు దినములు సెలవు పెట్టి, మరల అదే బల్లయొద్ద, అదే భారమునకు కూర్చున్నచో ఫలమేమి? అయితే నిద్ర బొత్తిగా పట్టకున్నను, బ్రతుకుపై విరక్తి పుట్టినను, ఛాతీలో నొప్పి వచ్చినను వైద్యుని చూడక తీరదు.

ఫ్రూడెన్‌బెర్గర్ వ్యాసములో ఉపాయములును కలవు. ఒకే మనిషిని ఒకే కష్టమైన పనికి మాటిమాటికి పంపవలదు, పనిగంటలకు మితి పెట్టవలెను, అలసినవానికి సెలవీయవలెను. వీనిలో హెచ్చుభాగము పనివానికి గాక, పని చేయించువానికి చెప్పినవి.