మండువా లోగిలి ముచ్చట

మంటకి కాస్త దగ్గరగా జరగండ్రా. మన లోగిలి ఇన్నేళ్లు ఎలా నిలబడిందని కదా అడిగారు, చెబుతాను.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవ నీళ్లొచ్చి, వరి పండి, చేతిలో నాలుగు డబ్బులాడాకే మా ముత్తాత ఈ ఇల్లు తలపెట్టాడంట. టేకు గోదాట్లో వచ్చేది. మన్యంలో కొట్టిన దుంగల్ని వెదురుతో కలిపి తెప్పలు కట్టి, రాజమండ్రి రేవు దాకా నీళ్ల మీదే తెచ్చేవారు.

మండువా చుట్టూ బరువు మోసేది గోడలు కాదర్రా, కర్రే. స్తంభాలు, వాటి మీద దూలాలు, ఆపైన వాసాలు. స్తంభం కొసన కుసి చెక్కి, దూలానికి తొలిచిన బెజ్జంలో దింపి, అడ్డంగా కర్ర చీల కొట్టేవారు.

1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి కొబ్బరిచెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి. మన పెంకు సగం ఎగిరిపోయింది. తెల్లారి చూస్తే ఒక్క దూలమూ కదల్లేదు.

అంత గాలి చెయ్యలేని పని చెమ్మ చేసింది. కొన్నేళ్లకి మూల వాసం దగ్గర రెండు పెంకులు జారితే, ఆ నీళ్లు స్తంభం వెంటే దిగి మొదలు పుచ్చిపోయింది. పైకి రంగు నిగనిగలాడుతోంది. వడ్రంగి ఉలి పిడితో తడితే డొల్ల మోత!

అందరూ సిమెంటు స్తంభం పోసెయ్యమన్నారు. వడ్రంగి ఒప్పుకోలేదు. ఊతలు పెట్టి, జాకీతో దూలాన్ని వెంట్రుకవాసి ఎత్తి, పుచ్చిన మూరెడూ కోసేశాడు. పడగొట్టిన ఇంటి టేకు తెమ్మన్నాడు. పాత కర్ర ముడుచుకోవాల్సినంతా ఎప్పుడో ముడుచుకునుంటుంది కాబట్టి అతుకు వదలదట. రెండు ముక్కల్నీ ఏటవాలుగా చెక్కి, ఒకదాన్నొకటి కరిచేలా చీలలు కొట్టాడు. నేల చెమ్మ ఎక్కకుండా కింద రాతి పీట వేశాడు. గోడలకీ సున్నమే పూయించాడు. సున్నం చెమ్మని బయటికి వదిలేస్తుంది. సిమెంటు లోపలే బిగబట్టి, గోడలో దిగిన దూలం కొసని కుళ్లబెడుతుంది.

విడదీసి బిగించుకోడానికి వీలుగా కట్టిన ఇల్లర్రా ఇది. ఏ ముక్క పోతే ఆ ముక్కే మార్చుకోవచ్చు, మొత్తం కూల్చక్కర్లేదు. రేపు మీ చేతికొస్తుంది. రంగులకి తగలేసే డబ్బు పెంకు నేతకి పెట్టండి. ఏటా మృగశిర కార్తె రాకముందే మనిషిని కప్పెక్కించండి. ముందు మూల వాసాలు చూడమనండి.