కోటబొమ్మాళి నుండి బి. ఏ. పట్టమునకు

ఆంగ్లసాహిత్యము ముఖ్యాంశముగా పట్టపరీక్షకు చదువుచున్నానని గ్రామీణ విద్యార్థి యొకడు చెప్పినచో, ఇంటి పెద్దలు రెండు విధములుగా తలపోయుదురు. మంచి ఉద్యోగము దొరకునని కొందరు సంతసింతురు. పిల్లవాడు మన మాటకును మన ఊరికిని దూరమగునేమో యని కొందరు దిగులు పడుదురు. ఈ సంతోషమును ఈ దిగులును క్రొత్తవి కావు. సుమారు నూటనలువది సంవత్సరములుగా శ్రీకాకుళ మండలపు ఇండ్లలో ఇవి రెండును ప్రక్కప్రక్కనే కాపురమున్నవి. వీనిలో దేనికి ఎంత ఆధారమున్నదో చరిత్ర నడిగి తెలిసికొనుట మేలు. కోటబొమ్మాళి, టెక్కలి, నౌపడ, పర్లాకిమిడి, విజయనగరము అను ఊళ్ల వరుసలోనే ఆ సమాధానము చాలవరకు దొరకును.

ముందుగా ఆ చదువు స్వరూపమెట్టిదో చూతము. మదరాసు విశ్వవిద్యాలయము 1857లో స్థాపింపబడెను. పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున మెట్రిక్యులేషను దాటిన విద్యార్థి రెండేండ్లు ఎఫ్. ఏ. తరగతిలోను, అటుపై రెండేండ్లు బి. ఏ. తరగతిలోను చదువవలసి యుండెను. చరిత్ర కోరినవాడైనను, తత్త్వశాస్త్రము కోరినవాడైనను, గణితము కోరినవాడైనను ఆంగ్లమున విధిగా ఉత్తీర్ణుడు కావలెను. తక్కిన శాస్త్రములకును సమాధానములు ఆంగ్లముననే వ్రాయవలెను. కనుక ఆనాటి బి. ఏ. ఏ శాఖకు చెందినదైనను, ఒక విధముగా ఆంగ్లపట్టమే.

ఇందొక విశేషము గమనింపదగినది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్యమునకు ప్రత్యేకమైన ఆనర్సు శాఖ ఏర్పడినది 1894లో. కేంబ్రిడ్జిలో ఆ గౌరవము 1917లో గాని రాలేదు. లండనులో 1828 నుండియే ఆంగ్లాచార్యుడుండినను, ఆ రెండు ప్రాచీన పీఠములలో పండితులు గ్రీకు లాటిను భాషలనే విద్య యనుకొనుచుండిరి. తల్లి ఒడిలో నేర్చిన భాషకు పరీక్ష యేల యని వారి భావము. మన దేశమున పరిస్థితి వేరు. 1835లో మెకాలే సలహాపై బెంటింకు ప్రభుత్వము ఆంగ్లవిద్యకే ధనము వెచ్చింప నిశ్చయించిన నాటినుండి, ఆ భాష ఇచట కచేరీకి ద్వారమైనది. అందుచేత ఆక్స్‌ఫర్డులో ఆంగ్లశాఖ ఏర్పడక మునుపే విజయనగరములో తెలుగు బాలురు ఆంగ్లసాహిత్యమున పరీక్షలిచ్చుచుండిరి. పరాయిభాష కనుకనే అది పాఠ్యాంశమైనది. ఈ చదువులోని బలమును బలహీనతయు రెండును ఇచటనే పుట్టినవి.

విజయనగర మహారాజావారు 1857లో నెలకొల్పిన పాఠశాల క్రమముగా పెరిగి, 1879లో కళాశాలయై, 1881 నాటికి బి. ఏ. తరగతులుగల మొదటి శ్రేణి కళాశాల అయ్యెను. పర్లాకిమిడిలో రాజావారి ఉన్నత పాఠశాల 1896లో రెండవ శ్రేణి కళాశాలగా ఎదిగినది. అనగా అచట ఎఫ్. ఏ. వరకు మాత్రమే చదువవచ్చును. అప్పుడు కోటబొమ్మాళి, టెక్కలి, శ్రీకాకుళము గంజాం జిల్లాలోనివి. ఈ భూభాగమునకు బి. ఏ. చదువు దక్షిణమున విజయనగరములోను, దాని మొదటి మెట్టు ఉత్తరమున పర్లాకిమిడిలోను ఉండెను.

ఈ రెండింటికిని దారి చూపినది రైలుబండి. 1890లలో తూర్పుతీరపు పెద్దరైలు మార్గము ఏర్పడినది. 1900లో నౌపడ నుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడి వరకు, సుమారు 40 కిలోమీటర్ల పొడవున, రాజావారు చిన్నరైలు వేయించిరి. దాని పట్టాల నడిమి వెడల్పు రెండున్నర అడుగులే. కోటబొమ్మాళి పిల్లవాడు పెద్దబండిలో నౌపడ చేరి, అచట చిన్నబండి యెక్కి పర్లాకిమిడిలో ఎఫ్. ఏ. చదువవచ్చును. ఆపై బి. ఏ. కొరకు అదే పెద్దమార్గమున వెనుకకు మరలి, సుమారు నూరు కిలోమీటర్లు దక్షిణముగా విజయనగరము చేరవలెను. దారి యున్నంత మాత్రమున చదువు సులభము కాలేదు. ఉద్దానపు కొబ్బరితోటల మీదను, వరిమడుల మీదను బ్రదుకు కుటుంబములకు నాలుగేండ్లు పరాయి ఊరి బస, భోజనము, జీతము, పుస్తకములు అను ఖర్చు సామాన్యమైనది కాదు. ఒక్క ఆంగ్లమున తప్పినను పట్టము దక్కదు. బి. ఏ. తప్పితినని చెప్పుకొనుటయే ఆ రోజులలో ఒక అర్హతగా చెలామణి యగుచుండెననగా, గట్టెక్కినవా రెంత తక్కువయో ఊహింపవచ్చును.

అట్లు గట్టెక్కిన వారిలో గురజాడ అప్పారావుగారొకరు. విజయనగరమున విద్యార్థిగా నున్నపుడే, 1883లో, వారు ‘సారంగధర’ అను కావ్యమును ఆంగ్లమున వ్రాసి ప్రకటించిరి. దానిని చూచి మెచ్చిన కలకత్తా పత్రికాసంపాదకులు శంభుచంద్ర ముఖర్జీగారు, మాతృభాషలో వ్రాయుమని ఆ యువకుని ప్రోత్సహించిరి. 1886లో బి. ఏ. పట్టము పొంది, పిమ్మట తాము చదివిన కళాశాలలోనే అప్పారావుగారు అధ్యాపకులైరి. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కము’ ఎవరి భాషలో నున్నదో మనకు తెలియును. అందులో గిరీశము నోట ఆంగ్లపదములు జలజల రాలును. ఆ పదముల వెనుక విద్య మాత్రము లేదు. ఆంగ్లము నిజముగా చదివినవాడే, ఆంగ్లము చదివినట్లు నటించువానిని అంత చక్కగా పట్టి చూపగలిగెను. ఆ నాటకమునకు పీఠికను అప్పారావుగారు ఆంగ్లముననే వ్రాసి, వ్యవహారభాషలో రచన చేయుటకు కారణములను అందు వివరించిరి.

రెండవవారు గిడుగు వేంకట రామమూర్తిగారు. శ్రీకాకుళ సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. కళాశాలకు పోయి చదువు భాగ్యము వారికి లేకపోయెను. పగలు పాఠములు చెప్పుచు, ఇంట తాము చదువుకొనుచు 1886లో ఎఫ్. ఏ., మరి పదేండ్లకు, 1896లో, చరిత్ర ప్రధానాంశముగా బి. ఏ. పూర్తిచేసిరి. పర్లాకిమిడి కొండలలోని సవరల భాషకు లిపి లేదు, పుస్తకము లేదు. రామమూర్తిగారు ఆ భాషను నేర్చి, సవరపిల్లలకు సవరలోనే చదువు చెప్పు ఏర్పాటు చేసిరి. వారు ఆంగ్లమున రచించిన సవర వ్యాకరణము 1931లోను, సవర-ఆంగ్ల నిఘంటువు 1938లోను వెలువడినవి. ఆంగ్లములోని భాషాశాస్త్ర గ్రంథములు ఆయనకు నేర్పిన పాఠమిది: నోట పలుకు మాటయే భాషకు మూలము, వ్రాత దాని నీడ. ఆ పాఠమును ఆయన మొదట సవరకును, పిదప తెలుగునకును వర్తింపజేసిరి.

ఇరువదవ శతాబ్ది తొలి దశకమున పాఠశాలల తనిఖీకి వచ్చిన జె. ఏ. యేట్సుదొరకు, తెలుగువారు మాటలాడు తెలుగునకును బడిలో నేర్పు తెలుగునకును అంత దూరమేల యను సందేహము కలిగెను. ఆ సందేహమునుండి వ్యవహారభాషోద్యమము మొలకెత్తినది. మదరాసు ప్రభుత్వమును విశ్వవిద్యాలయమును ఒప్పించుటకు రామమూర్తిగారు 1913లో ఆధునికాంధ్ర భాషను గూర్చి వ్రాసిన విజ్ఞాపన ఆంగ్లమున నున్నది. 1914లో అప్పారావుగారు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన అసమ్మతిపత్రమును ఆంగ్లముననే యున్నది. ఆలోచించిన ఇది వింతగా తోచును. రైతు పలుకు తెలుగు పుస్తకములలోనికి రావలెనను వాదము, దొరల భాషలో, బి. ఏ. చదివిన ఇద్దరిచే గెలువవలసి వచ్చెను. ఆ చదువు వారిని తెలుగునకు దూరము చేయలేదు. తెలుగు పక్షమున వాదించుటకు న్యాయవాదులను చేసినది.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినది. పర్లాకిమిడి పట్టణము ఆ రాష్ట్రమున చేరెను. కోటబొమ్మాళి, టెక్కలి మదరాసు రాష్ట్రముననే నిలిచి విశాఖపట్టణము జిల్లాలో కలిసెను. అర్ధశతాబ్దికి పైగా పర్లాకిమిడిలో నివసించిన రామమూర్తిగారు ఈ ఏర్పాటునకు నిరసనగా ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి, 1940లో కీర్తిశేషులైరి. చిన్నరైలు మాత్రము సరిహద్దు నెరుగక యథాప్రకారము నడిచెను. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయము వెలసిన పిదప, పర్లాకిమిడి కళాశాల ఆ పీఠపు నీడకు చేరెను. టెక్కలి ప్రాంతపు ఇండ్లకు కూతవేటు దూరమున నున్న కళాశాల ఇట్లు రాష్ట్రముచేతను విశ్వవిద్యాలయముచేతను పరాయిదైనది. ఇక చూపులన్నియు దక్షిణమునకే మరలినవి.

దక్షిణమున అప్పటికే క్రొత్త దీపము వెలిగియుండెను. 1926లో బెజవాడలో ప్రారంభమైన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1930లో వాల్తేరు చేరినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానికి ప్రథమ ఉపాధ్యక్షులు. 1947లో కె. ఆర్. శ్రీనివాస అయ్యంగారు అచట ఆంగ్లాచార్యులైరి. భారతీయులు ఆంగ్లమున వ్రాసిన కవిత్వము, కథలు, నవలలు కూడ చదువదగిన సాహిత్యమే యని నిరూపించిన వారి ఉద్గ్రంథము 1962లో వెలువడినది. అంతవరకు ఆంగ్లసాహిత్యమనగా ఇంగ్లండుద్వీపపు సాహిత్యమే. అటుపై తరగతిగదిలో రవీంద్రుడు, సరోజినీదేవి, ఆర్. కె. నారాయణు కూడ చోటు సంపాదించిరి.

టెక్కలి సీమకు స్వయముగా చెందిన యొక పేరు ఇచట చెప్పక తీరదు. నౌపడ పరిసరమున ఒక సామాన్య రైతు కుటుంబమున 1909లో జన్మించిన రోణంకి అప్పలస్వామిగారు ఆంగ్లసాహిత్యము నభ్యసించి, విజయనగరము మహారాజా కళాశాలలో దీర్ఘకాలము ఆంగ్లోపన్యాసకులుగా నుండిరి. ఆంగ్లమును మెట్టుగా చేసికొని ఫ్రెంచి మొదలగు పెక్కు యూరపు భాషలు నేర్చిరి. మాకియవెల్లి రాజనీతి గ్రంథము ‘ప్రిన్సు’ను తెలుగునకు తెచ్చిరి. యూరపులోని నవ్యకవితారీతులను శ్రీశ్రీ తరమువారికి పరిచయము చేసినవారిలో ఆయన ముఖ్యులు. 1987లో దివంగతులగు వరకు, ఆయన చదువు ఆయనతోనే నిలిచిపోక తెలుగు కవిత్వములోనికి ప్రవహించెను. నాగలి పట్టిన ఇంటిలో పుట్టినవాడు పారిసు కవులను విజయనగరపు వీథులలో పరిచయము చేయుట ఆంగ్లపట్టము చేసిన మేలే గదా!

1950 ఆగస్టు 15న శ్రీకాకుళము ప్రత్యేక జిల్లా అయినది. అటుపై జిల్లాలోనే పట్టపు కళాశాలలు ఒక్కొక్కటిగా ఏర్పడినవి. 2008లో ఎచ్చెర్లలో డాక్టరు బి. ఆర్. అంబేద్కరు విశ్వవిద్యాలయము వెలసినది. నౌపడ చిన్నరైలు మార్గము 2011 నాటికి పెద్దమార్గముగా మారినది. 2021లో రాష్ట్రప్రభుత్వము డిగ్రీ తరగతులన్నియు ఆంగ్లమాధ్యమముననే నడుపవలెనని నిర్ణయించినది. 1886లో అప్పారావుగారు పరీక్ష వ్రాసిన నాటి వలెనే, ఏ శాస్త్రము కోరిన విద్యార్థియైనను ఆంగ్లమున సమాధానము వ్రాయవలసిన కాలము మరల వచ్చినది. కావున ఆనాటి చరిత్ర మనకు వట్టి జ్ఞాపకము కాదు.

ఆ చరిత్ర చెప్పునదేమి? ఆంగ్లపట్టము రెండు రకముల మనుష్యులను తయారుచేసినది. నోట్సు వల్లెవేసి, అర్థము తెలియని పదములను మోసికొని తిరిగిన గిరీశము ఒక రకము. ఆ భాష నొక దీపముగా పట్టుకొని తన ఇంటిలోనే అంతవరకు కనబడని వస్తువులను చూచినవారు రెండవ రకము. అప్పారావుగారికి ఆ వెలుగులో వాడుక తెలుగు కనబడినది. రామమూర్తిగారికి సవరల పలుకు కనబడినది. అప్పలస్వామిగారికి తెలుగు కవిత్వమునకు కావలసిన క్రొత్త కిటికీలు కనబడినవి. ముగ్గురికిని పాఠ్యప్రణాళిక ఇంచుమించు ఒక్కటే. భేదము చదివిన తీరులో నున్నది.

కనుక నేడు కోటబొమ్మాళి స్టేషనులో పుస్తకములతో బండి యెక్కు బాలునిగాని బాలికనుగాని చూచి, మన బిడ్డ మనకు దూరమగునని దిగులు పడనక్కరలేదు. ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుటతో సరిపెట్టుకొనను రాదు. ఆంగ్లమున చదివిన కథ నొకదానిని ఇంటిలోని అమ్మమ్మకు అర్థమగునట్లు మన మాటలలో చెప్పుమని యడుగుదము. చెప్పగలిగినచో ఆ పట్టమునకు పెట్టిన ఖర్చు వ్యర్థము కాదు. చెప్పలేకపోయినచో, పరీక్షలో నెగ్గినను చదువు ఇంకను మిగిలియే యున్నదని గ్రహింపవలెను.