కోడి రామమూర్తి అజేయుడా?

వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారిని ఆంధ్రలోకము ‘కలియుగ భీము’డని కొనియాడినది. విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా నుండి, పిదప సర్కసు స్థాపించి, ఆయన దేశమంతట ప్రదర్శనము లిచ్చెను. ఊపిరి బిగించి ఱొమ్మునకు చుట్టిన ఇనుపగొలుసును త్రెంచుట, రెండు మోటారుకార్లను కదలనీయక నిలుపుట, ఱొమ్ముపై ఏనుగు నెక్కించుకొనుట ఆయన ప్రసిద్ధ విద్యలు. ఇట్టివానిని ఓడింపగల వాడుండునా యని నేటికిని మన పెద్దలు వాదించుచుందురు.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. గొలుసునకు ఎత్తునకు పైయెత్తు వేయుట తెలియదు. గోదాలో నిలిచిన ప్రత్యర్థికి తెలియును.

అమెరికా ముష్టియోధుడు జో లూయీ 1937 నుండి 1949 వరకు హెవీవెయిట్ ఛాంపియనుగా నుండి, 25 పర్యాయములు ఆ బిరుదమును నిలుపుకొనెను. 1936లో తన్నోడించిన జర్మను యోధుడు ష్మెలింగును 1938లో మొదటి రౌండులోనే పడగొట్టెను. అంతటివానిని 1941లో, బరువున చాల తక్కువవాడైన బిల్లీ కాన్ ముప్పుతిప్పలు పెట్టెను. పండ్రెండు రౌండులు ముగియునప్పటికి ముగ్గురు నిర్ణేతలలో ఇద్దరి లెక్కలో కాన్‌దే పైచేయి. పదమూడవ రౌండులో లూయీ అతనిని పడగొట్టి గట్టెక్కెను.

ప్రాభవదశలో నున్నవానికిని ఓటమి అంత చేరువనుండును. కావున ‘అజేయు’డను మాటను కుస్తీలెక్కలు చూచియే వాడవలెను, గొలుసులు త్రెంచిన కథలు అందుకు సాక్ష్యము కాజాలవు. 1942లో కీర్తిశేషుడైన రామమూర్తిగారి ఘనత కీ బిరుదముతో పనిలేదు. సాధనచే మానవదేహ మెంతటి బలమును పొందగలదో ఆయన ఊరూర కన్నులకు కట్టించెను. శ్రీకాకుళపు క్రీడాప్రాంగణమున కాయన పేరుండుట అందులకే తగును.