ఒకే పేరు, ఎన్నో ఊళ్ళు: విజ్ఞాన సర్వస్వంలో మన ఊరిని గుర్తుపట్టడం ఎలా?

ఏ తెలుగు సంఘం సమావేశంలోనైనా కొత్తగా కలిసిన ఇద్దరి మధ్య మొదటి ప్రశ్న "మీది ఏ ఊరండీ?" అనే. "గన్నవరం" అని జవాబొస్తే వెంటనే రెండో ప్రశ్న పడుతుంది: "ఏ గన్నవరం? విమానాశ్రయం గన్నవరమా, కోనసీమ గన్నవరమా?" మనుషుల మధ్య ఈ చిక్కు అర నిమిషంలో తీరిపోతుంది. విజ్ఞాన సర్వస్వంలో మాత్రం అంత సులువుగా తీరదు. అక్కడ ఒక పేజీకి ఒకటే పేరుంటుంది. ఆ పేరు ఏ ఊరికివ్వాలి, మిగతా ఊళ్ళను ఎలా పిలవాలి, చదివేవాడిని సరైన గుమ్మం దగ్గరికి ఎలా చేర్చాలి అన్నవి ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సిన ప్రశ్నలు.

వారాంతాల్లో తెలుగు వికీపీడియాలో ఊళ్ళ పేజీలు సరిచేయడం నాకు అలవాటు. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో మన గ్రామాల మీద వేలాది పేజీలున్నాయి. అక్కడ పనిచేసేవాళ్ళు వాడే పద్ధతులేమిటో, వాటి వెనకున్న ఆలోచనేమిటో ఈ వ్యాసంలో చెబుతాను. మీ ఊరి పేజీ చూసేటప్పుడు ఇవి మీకూ పనికొస్తాయి.

పేర్లు ఎందుకు కలుస్తాయి?

మన ఊళ్ళ పేర్లలో ఎక్కువ భాగం కొద్దిపాటి ముక్కలతోనే తయారయ్యాయి. ముందు దేవుడి పేరో, రాజు పేరో, చెట్టు పేరో ఉంటుంది. వెనక పురం, పల్లి, పాడు, పేట, గూడెం, వరం లాంటి మాట చేరుతుంది. రాముడి గుడి ఉన్న ప్రతి చోటా ఒక రామాపురం పుట్టే అవకాశం ఉంది. పాత ఊరి పక్కన నాలుగిళ్ళు లేస్తే అది కొత్తపల్లి అవుతుంది. వందల ఏళ్ళు గడిచినా అది కొత్తపల్లే!

పాలకుల పేర్లదీ ఇదే దారి. ఔరంగాబాద్ మహారాష్ట్రలోనూ ఉండేది, బీహార్‌లోనూ ఉంది. మహారాష్ట్రలోది 2023లో ఛత్రపతి శంభాజీనగర్ అయింది. బిలాస్‌పూర్ ఛత్తీస్‌గఢ్‌లోనూ, హిమాచల్ ప్రదేశ్‌లోనూ జిల్లా కేంద్రమే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన హైదరాబాదు మనది. సింధ్‌లో 1768లో వెలసిన హైదరాబాదు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది.

ఊళ్ళకీ ఇంటిపేర్లు

ఈ సమస్యకు మనవాళ్ళు కంప్యూటర్ల కాలానికి ఎంతో ముందే మందు కనిపెట్టారు. మనుషులకు పెట్టినట్టే ఊళ్ళకీ ఇంటిపేర్లు పెట్టారు. పి.గన్నవరం, ఐ.పోలవరం, యు.కొత్తపల్లి, టి.నర్సాపురం అన్నవి అలా వచ్చినవే. యు.కొత్తపల్లి అంటే ఉప్పాడ దగ్గరి కొత్తపల్లి. తెలంగాణలో రైలు స్టేషనున్న ఘనపూర్‌ను స్టేషన్ ఘనపూర్ అన్నారు. పెద్ద, చిన్న, పాత, కొత్త అని ముందు తగిలించడమూ ఇలాంటిదే. విజ్ఞాన సర్వస్వంలో మొదటి సూత్రం ఇక్కడే దొరుకుతుంది: జనం ఇప్పటికే ఒక తేడా పాటిస్తుంటే దాన్నే పేజీ పేరుగా తీసుకోవాలి, మనం కొత్తది కల్పించకూడదు. పి.గన్నవరానికి అదనపు గుర్తు అక్కర్లేదు, దాని ఇంటిపేరే దాని గుర్తు.

మూడు రకాల చిక్కులు

మొదటి రకం, ఏ భాషలో రాసినా ఒకటిగా ఉండేవి. ఉదయగిరి అంటే నెల్లూరు జిల్లాలో కోట ఉన్న ఊరు. భువనేశ్వర్ పక్కన ఖారవేలుడి శాసనం ఉన్న జైన గుహలవీ ఉదయగిరే. మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గరి గుప్తుల కాలపు గుహలదీ అదే పేరు. ముగ్గురూ చరిత్ర ప్రసిద్ధులే కాబట్టి పాఠకుడు దేనికోసం వచ్చాడో ఊహించలేం.

రెండో రకం, ఇంగ్లీషులో వేరుగా ఉండి తెలుగులో కలిసిపోయేవి. గురజాడ అప్పారావు నివసించిన విజయనగరానికీ, శ్రీకృష్ణదేవరాయలు ఏలిన విజయనగరానికీ ఇంగ్లీషు స్పెల్లింగులు వేరు, తెలుగు అక్షరాలు మాత్రం ఒకటే. అందుకని ఇంగ్లీషు వికీపీడియా ఏర్పాటును చూసి అలాగే దించుకుంటే మనకు సరిపోదు. రాయల మీద రాసిన వ్యాసంలో "విజయనగరం" అన్న మాటకు లింకు ఇస్తే, అది పాఠకుణ్ణి ఉత్తరాంధ్రకు తీసుకుపోవచ్చు.

మూడో రకం దీనికి తలకిందులు. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురాన్నీ మెదక్ జిల్లా నర్సాపూర్‌నూ ఇంగ్లీషులో ఒకేలా రాయడం పరిపాటి. తెలుగులో చివరి అక్షరమే తేడా చెప్పేస్తుంది. ఇలాంటి వాటికి పేజీ పైన "నర్సాపూర్ కోసం ఇక్కడ చూడండి" అని ఒక్క వాక్యం చాలు.

అసలు పేరు ఎవరికివ్వాలి?

వికీపీడియాలో దీనికి మూడు పనిముట్లున్నాయి. ఒకే పేరున్నవాటిలో ఒకటి మిగతావాటికన్నా బాగా ఎక్కువ ప్రసిద్ధమైతే ఉత్త పేరు దానికే ఇస్తారు, మిగతావాటికి బ్రాకెట్లో గుర్తు చేరుస్తారు. హైదరాబాదు అలాంటిది. ఏదీ అంతగా పైచేయి కాకపోతే ఉత్త పేరును "అయోమయ నివృత్తి" పేజీగా మారుస్తారు. అది వ్యాసం కాదు, దారి చూపే బోర్డు. ఉన్నవి రెండే అయితే బోర్డు కూడా అక్కర్లేదు, ఒకదాని నెత్తిన రెండోదానికి దారి చూపితే సరిపోతుంది.

వివాదం వచ్చేది "ప్రసిద్ధం" అన్న మాట దగ్గరే. అమరావతినే చూడండి. బౌద్ధ స్తూపం, అమరేశ్వరాలయం ఉన్న పాత అమరావతి ఒకటి. 2015లో శంకుస్థాపన జరిగిన ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి మరొకటి. మహారాష్ట్రలో జిల్లా కేంద్రమైన అమరావతి ఇంకొకటి. పురాణాల్లో ఇంద్రుడి పట్టణం ఎలాగూ ఉంది. 2022 జిల్లాల విభజనలో పాత అమరావతి పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది. రాజధాని కోసం తీసుకున్న తుళ్ళూరు, మంగళగిరి ప్రాంతాలు గుంటూరు జిల్లాలో ఉన్నాయి. ఈ రోజు వార్తల్లో ఎక్కువగా వినిపించేది రాజధాని. రెండు వేల ఏళ్ళ చరిత్ర వ్యాసాల్లో వినిపించేది స్తూపమున్న ఊరు. నా అభిప్రాయంలో ఇలాంటి చోట ఉత్త పేరును బోర్డుగా ఉంచడమే న్యాయం. వార్తల ఊపును బట్టి పేరు ఒకరికి రాసిచ్చేస్తే, పాత వ్యాసాల్లోని లింకులన్నీ రాత్రికి రాత్రి తప్పు చోటికి పోతాయి.

చిన్న ఊళ్ళకూ ఈ న్యాయం కావాలి. ఐటీ ఉద్యోగులకు కొండాపూర్ అంటే హైటెక్ సిటీ పక్కదే. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో శాతవాహనుల కాలపు అవశేషాలు బయటపడ్డాయి, పురావస్తు మ్యూజియం ఉంది. శ్రీకాకుళం అంటే జిల్లా కేంద్రమే గుర్తుకొస్తుంది. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోని శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు ఆలయం ఉంది. రాయలు ఆముక్తమాల్యద రాయడానికి ప్రేరణగా చెప్పేది ఈ స్వామినే. బోర్డు లేకపోతే సాహిత్య విద్యార్థి నాగావళి ఒడ్డున గుడి వెతుక్కుంటాడు.

బ్రాకెట్లో ఏం రాయాలి?

రాష్ట్రమా, జిల్లానా, మండలమా? అవసరమైనంత వరకే రాయాలన్నది సూత్రం. వేర్వేరు రాష్ట్రాల ఊళ్ళయితే రాష్ట్రం చాలు. చిత్తూరు మనకూ ఉంది, కేరళలో పాలక్కాడ్ జిల్లాలోనూ ఉంది. ఒకే రాష్ట్రమైతే జిల్లా సరిపోతుందనిపిస్తుంది. కానీ ఒకే జిల్లాలో ఒకే పేరుతో నాలుగైదు ఊళ్ళుండటం మనకు మామూలే. అందుకే మన గ్రామాలకు మండలం పేరు వాడుక.

1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాల స్థానంలో మండలాలు తెచ్చింది. తర్వాత జిల్లాలు మారినంతగా మండలాలు మారలేదు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబరులో అవి 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26గా మారాయి. బ్రాకెట్లో జిల్లా పేరు పెట్టుకున్న పేజీలకు ప్రతిసారీ పేరు మార్చాల్సిందే. తెలంగాణలో కొత్త మండలాలు కూడా ఏర్పడ్డాయి కాబట్టి మండలం పేరు శాశ్వతమని కాదు, జిల్లాకన్నా నిలకడ అని మాత్రమే.

మండలాల పేర్లే కలిస్తే? రామచంద్రపురం మండలం గోదావరి డెల్టాలో ఉంది, తిరుపతి దగ్గర ఉంది, హైదరాబాదు శివార్లలో బీహెచ్ఈఎల్ పక్కనా ఉంది. అప్పుడు మండలంతో పాటు జిల్లా కూడా చెప్పక తప్పదు.

అమెరికాలో ఉన్న మనకు ఈ తంటా కొత్త కాదు. ఇంగ్లీషు వికీపీడియాలో అమెరికా ఊళ్ళకు "ఊరు, రాష్ట్రం" అని రాయడం నియమం. షికాగో, బోస్టన్ లాంటి కొన్ని మహానగరాలకే మినహాయింపు. ఓరెగాన్ పోర్ట్‌లాండ్‌కు ఆ పేరు 1845లో నాణెం ఎగరేసి పెట్టారు. గెలిచినాయన మెయిన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ నుంచి వచ్చినవాడు, ఓడినాయన గెలిచి ఉంటే ఇంకో బోస్టన్ వచ్చేది. న్యూజెర్సీలో వాషింగ్టన్ టౌన్‌షిప్‌లు వేర్వేరు కౌంటీల్లో ఉన్నాయి కాబట్టి అక్కడ రాష్ట్రంతో పాటు కౌంటీ పేరు కూడా రాస్తారు. మన మండలం చేసే పనే అక్కడ కౌంటీ చేస్తోంది.

తప్పితే ఏమవుతుంది?

మా అమ్మాయికి బడిలో "మీ పూర్వీకుల ఊరు" అని ప్రాజెక్టు ఇచ్చారు. తాతగారి ఊరు వెతికితే పేజీ దొరికింది. జనాభా లెక్క ఆ ఊరిదే, కింద రాసిన గుడి, చెరువు మాత్రం వేరే జిల్లాలో అదే పేరున్న ఊరివి. ఎవరో మంచి మనసుతో తమ ఊరి సంగతులు పక్కవాళ్ళ పేజీలో రాసి వెళ్ళారు. పక్కనుండి చెప్పేవాళ్ళు లేకపోతే అమ్మాయి అదే నిజమని రాసుకునేది. పెద్ద నగరాల పేజీల్లో తప్పును వెయ్యి కళ్ళు పట్టుకుంటాయి. చిన్న ఊరి పేజీలో ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. అక్కణ్ణుంచి ఇంకో వెబ్‌సైటుకు, అక్కణ్ణుంచి కృత్రిమ మేధ చెప్పే జవాబుకు పాకుతుంది. బడికో, ఆసుపత్రికో విరాళం పంపాలనుకునే సంఘాలకు ఇది చిన్న విషయం కాదు.

మునిగిపోయిన ఊళ్ళ సంగతి ఇంకా సున్నితం. శ్రీశైలం నుంచి మల్లన్నసాగర్ దాకా జలాశయాల కింద ఊళ్ళు పోయాయి, పునరావాస కాలనీలకు పాత ఊరి పేరు పెట్టుకోవడం సహజం. పంచాయతీ, జనం కలిసి కదిలితే ఒకే పేజీలో రెండు విభాగాలు చాలు. జనం చెల్లాచెదురైతే పాత ఊరికి విడిగా పేజీ ఉండాలని నేనంటాను. నీటి అడుగున ఉన్న ఊరికి మిగిలిన చిరునామా అదొక్కటే.

మీరు చేయగలిగినవి

మీ ఊరి పేజీ తెరిచి ముందు మండలం, జిల్లా సరిగ్గా ఉన్నాయో చూడండి. 2011 జనగణనలో ప్రతి గ్రామానికీ ఆరంకెల కోడ్ ఇచ్చారు. పేర్లు కలిసినా కోడ్ కలవదు కాబట్టి అదే గట్టి ఆధారం. పిన్ కోడ్ కూడా సాయపడుతుంది కానీ ఒకే పిన్ కింద చాలా ఊళ్ళుంటాయని మరవకండి. తర్వాత "ఇక్కడికి లింకున్న పేజీలు" నొక్కి, మీ ఊరితో సంబంధం లేని వ్యాసాలేమైనా అటు చూపిస్తున్నాయేమో గమనించండి. పక్కనున్న ఇతర భాషల లింకులు కూడా నొక్కండి, ఇంగ్లీషు పేజీ ఇంకో ఊరిది కావచ్చు.

పేజీ పేరు మార్చాలనిపిస్తే ముందు చర్చ పేజీలో కారణం రాయండి. మార్చాక పాత పేరు దారిమార్పుగా మిగులుతుంది కాబట్టి పాత లింకులు తెగిపోవు. అదే పేరున్న ఇంకో ఊరు మీకు తెలిస్తే నివృత్తి పేజీలో ఒక్క వరుస చేర్చండి: ఊరు, మండలం, జిల్లా, అంతే. ఆ ఊరివాళ్ళెవరో, ఏ దేశంలో ఉన్నారో మీకు తెలియకపోవచ్చు. వాళ్ళ పిల్లలు ఏదో ఒక రోజు ఆ వరుస పట్టుకుని ఇంటికి చేరుకుంటారు.