రూట్ అధికారం లేకుండా లినక్స్ ప్యాకేజీల నిర్మాణం

లినక్స్ కంప్యూటరులో సాఫ్ట్‌వేరు చాలావరకు ప్యాకేజీల రూపంలో లభిస్తుంది. ప్యాకేజీ అనగా ఒక ప్రోగ్రాముకు కావలసిన ఫైళ్లు, అవి ఏయే డైరెక్టరీలలో చేరవలెనో తెలిపే పట్టిక, వాటి యజమాని వివరం, స్థాపన సమయంలో నడవవలసిన చిన్న స్క్రిప్టులు అన్నీ కూర్చి కట్టిన ఒకే ఫైలు. ఫెడోరా, రెడ్ హ్యాట్ వర్గంలో దీనిని ఆర్‌పీఎం అని, డెబియన్, ఉబుంటు వర్గంలో డెబ్ అని అంటారు. చెన్నైలోని సీ-డాక్ సంస్థ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ వర్గానికి చెందినదే.

మన సరిహద్దు గ్రామాల ఇళ్లలో డిప్లొమా, ఇంజనీరింగు చదివే పిల్లలు ఒక్కొక్కసారి సోర్సు కోడు నుండి ప్యాకేజీని తామే నిర్మించుకోవలసి వస్తుంది. తమ లినక్స్‌లో ఆ ప్రోగ్రాము పాతది మాత్రమే ఉండవచ్చు, లేదా దానిలో ఒక చిన్న దిద్దుబాటు చేయవలసి ఉండవచ్చు. అయితే అదే కంప్యూటరులో ఇంటిల్లిపాది మార్కుల జాబితాలు, కర్ణాటక పహణీలు, తమిళనాడు పట్టా నకళ్లు, పెళ్లి ఫొటోలు ఉంటాయి. కావున ప్యాకేజీని ఎలా నిర్మించాలో తెలిస్తే చాలదు, ఏ హోదాలో ఉండి నిర్మించాలో కూడా తెలియాలి. గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: ప్యాకేజీని స్థాపించడానికి రూట్ అధికారం కావాలి, నిర్మించడానికి అక్కరలేదు.

గమనిక: ఈ వ్యాసంలో కమాండ్ల పేర్లు తెలుగు లిపిలో ఇస్తున్నాం. యంత్రంలో వాటిని ఆంగ్లాక్షరాలతో టైపు చేయాలి.

రూట్ అనగా ఎవరు?

లినక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు. సాధారణ వాడుకరి తన హోమ్ డైరెక్టరీలో వ్రాసుకోగలడు, తుడిచివేయగలడు. వ్యవస్థకు చెందిన ఫైళ్లను ముట్టుకోలేడు. రూట్ అనే వాడుకరికి ఈ హద్దులు లేవు. ఏ ఫైలునైనా అతడు మార్చగలడు, తొలగించగలడు. సుడో కమాండుతో నడిపించే పని కూడా సాధారణంగా రూట్ హోదాలోనే జరుగుతుంది.

పెళ్లి వంటకు వచ్చిన వంటవారికి దొడ్డిలో పొయ్యి చూపుతాం, పాత్రలు ఇస్తాం. బీరువా తాళాలు చేతికివ్వం. వారి మీద అనుమానం ఉండి కాదు, వంటకు ఆ తాళాలతో పని లేదు గనుక. ప్యాకేజీ నిర్మాణం విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది.

ప్రమాదం ఎక్కడ ఉంది?

సోర్సు కోడు నుండి నిర్మించడమంటే అపరిచితులు వ్రాసిన స్క్రిప్టులను మన కంప్యూటరులో నడపడమే. కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అనే మూడు దశలలో వందల కమాండ్లు నడుస్తాయి. అందులో ఫైళ్లను తొలగించే కమాండ్లు కూడా ఉంటాయి. దురుద్దేశం లేకపోయినా చిన్న తప్పు చాలు.

2011లో బంబుల్‌బీ అనే ప్రాజెక్టు స్థాపన స్క్రిప్టులో ఇటువంటి తప్పే దొర్లింది. యూఎస్‌ఆర్ డైరెక్టరీ లోపల ఉన్న ఒక చిన్న భాగాన్ని తొలగించవలసిన కమాండులో, యూఎస్‌ఆర్ అన్న పేరు తరువాత ఒక ఖాళీ జాగా అదనంగా పడింది. ఆ ఖాళీతో ఒక చిరునామా రెండుగా చీలి, మొత్తం యూఎస్‌ఆర్ డైరెక్టరీయే తుడిచిపెట్టుకుపోయింది. ప్రోగ్రాములలో అధికభాగం ఉండేది అక్కడే. స్క్రిప్టు రూట్ హోదాలో నడిచినందున అడ్డుకొనేవారు లేకపోయారు. సాధారణ వాడుకరి హోదాలో అదే కమాండు నడిచి ఉంటే 'అనుమతి లేదు' అనే సందేశంతో ఆగిపోయేది.

ఆర్‌పీఎం తొలిరోజులలో నిర్మాణ స్థలం యూఎస్‌ఆర్ లోపలనే, రూట్ ఆధీనంలో ఉండేది. అందువలన రూట్‌గానే నిర్మించే అలవాటు పాతుకుపోయింది. నిర్మాణ డైరెక్టరీ చిరునామాను తప్పుగా వ్రాస్తే దానిని శుభ్రం చేసే కమాండు అసలు వ్యవస్థనే శుభ్రం చేసే ప్రమాదం ఉండేది. ఆ అలవాటు నేర్పిన పాత పాఠాలు ఇప్పటికీ కనబడుతుంటాయి. వాటిని అనుసరించరాదు.

రూట్ లేకుండా ఎలా సాధ్యం?

రెండు ఏర్పాట్లు దీనిని సాధ్యం చేస్తున్నాయి.

మొదటిది డెస్ట్‌డిర్. మేక్ ఇన్‌స్టాల్ కమాండుకు ఈ పేరుతో ఒక డైరెక్టరీ చిరునామా ఇస్తే, ఫైళ్లు అసలు స్థానానికి పోకుండా, ఆ డైరెక్టరీ లోపల అదే అమరికలో చేరతాయి. అది మన హోమ్ డైరెక్టరీలోనే ఉంటుంది గనుక రూట్ అవసరం రాదు. ప్యాకేజీ కట్టే సాధనం ఆ నమూనా అమరికను చూసి ఫైలు కడుతుంది.

రెండవది యజమాని వివరం. స్థాపన తరువాత ఫైళ్లు రూట్ ఆధీనంలో ఉండాలి. కాని సాధారణ వాడుకరి తన ఫైలును రూట్ పేరున మార్చలేడు. ఆర్‌పీఎం సాధనం ఈ వివరాన్ని ప్యాకేజీ లోపలి పట్టికలో వ్రాసుకొని సరిపెడుతుంది. డెబియన్ వర్గంలో ఫేక్‌రూట్ అనే సాధనం ఉంది. 'ఈ ఫైలును రూట్ పేరున మార్చు' అని స్క్రిప్టు అడిగితే అది 'మార్చాను' అని బదులిచ్చి, ఆ సంగతి గుర్తుంచుకొంటుంది. నిజానికి ఏదీ మారదు. ప్యాకేజీ కట్టే సమయంలో యజమాని ఎవరని అడిగితే రూట్ అని చెబుతుంది. ఇది పేరుకు మాత్రమే రూట్. వ్యవస్థ ఫైళ్లను తాకబోతే కెర్నల్ ఎప్పటివలెనే నిరాకరిస్తుంది.

ఆర్‌పీఎం నిర్మించే క్రమం

1. మొదట ఒక్కసారి మాత్రం రూట్ హోదాలో ఆర్‌పీఎం-బిల్డ్, ఆర్‌పీఎండెవ్‌టూల్స్ అనే ప్యాకేజీలను స్థాపించి, నిర్మాణం కొరకు ప్రత్యేకంగా ఒక కొత్త వాడుకరిని సృష్టించాలి. ఈ వాడుకరిని సుడో అనుమతి గల సమూహంలో చేర్చరాదు.

2. ఆ వాడుకరిగా లాగిన్ అయి ఆర్‌పీఎండెవ్-సెటప్‌ట్రీ కమాండు నడపాలి. హోమ్ డైరెక్టరీలో ఆర్‌పీఎంబిల్డ్ అనే డైరెక్టరీ, దాని లోపల బిల్డ్, ఆర్‌పీఎమ్స్, సోర్సెస్, స్పెక్స్, ఎస్ఆర్‌పీఎమ్స్ అనే ఐదు డైరెక్టరీలు ఏర్పడతాయి.

3. సోర్సు కోడు ఫైలును సోర్సెస్‌లోను, నిర్మాణ విధానాన్ని తెలిపే స్పెక్ ఫైలును స్పెక్స్‌లోను ఉంచాలి. అభ్యాసానికి గ్నూ వారి హలో ప్రోగ్రాము అనువైనది. అది చిన్నదే అయినా మాన్యువల్ పుటలు, అనువాదాలు కూడా కలిగి ఉన్నందున పెద్ద ప్యాకేజీలలో ఎదురయ్యే అంశాలన్నీ కొద్దికొద్దిగా పరిచయమవుతాయి.

4. ఆర్‌పీఎంబిల్డ్ కమాండును హైఫన్ బీఏ ఐచ్ఛికంతో నడపాలి. అవసరమైన ఇతర ప్యాకేజీలు లేకపోతే వాటి పేర్లు చెప్పి ఆగుతుంది. వాటిని స్థాపించడం మాత్రమే మళ్లీ రూట్ పని. నిర్మాణం మొత్తాన్ని రూట్‌గా నడపడానికి అది కారణం కాదు.

5. తయారైన ప్యాకేజీని ఆర్‌పీఎంలింట్ సాధనంతో తనిఖీ చేయాలి.

డెబ్ నిర్మించే క్రమం

బిల్డ్-ఎసెన్షియల్, డెవ్‌స్క్రిప్ట్స్, ఫేక్‌రూట్ ప్యాకేజీలను రూట్ హోదాలో ఒకసారి స్థాపించాలి. తరువాత నిర్మాణ వాడుకరిగా లాగిన్ అయి, ఆప్ట్-గెట్ సోర్స్ కమాండుతో సోర్సు తెచ్చుకోవచ్చు. ఇందుకు రూట్ అక్కరలేదు. ఆప్ట్ జాబితాలో సోర్సు వరుసలు మాత్రం ముందుగా చేర్చి ఉండాలి. ఆప్ట్-గెట్ బిల్డ్-డెప్ ఇతర ప్యాకేజీలను స్థాపిస్తుంది గనుక దానికి రూట్ కావాలి. ఆపై డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్ కమాండు నిర్మాణం పూర్తి చేస్తుంది. అవసరమైతే ఫేక్‌రూట్‌ను అదే పిలుచుకొంటుంది. చివర లింటియన్‌తో తనిఖీ చేయాలి.

ఆర్చ్ లినక్స్ వారి మేక్‌పీకేజీ సాధనమైతే రూట్‌గా నడపబోతే పని చేయడానికే నిరాకరిస్తుంది.

సాధారణ వాడుకరికీ ముప్పు ఉంది

రూట్ కానంత మాత్రాన భయం పూర్తిగా తీరదు. 2015 జనవరిలో స్టీమ్ అనే ఆటల ప్రోగ్రాము స్క్రిప్టులోని లోపం వెలుగులోకి వచ్చింది. ఒక చిరునామా ఖాళీగా మిగిలినందున, ఆ వాడుకరికి తొలగించే హక్కు గల ఫైళ్లన్నీ తుడిచివేయబడ్డాయి. తగిలించి ఉన్న బయటి డిస్కులోని నకలు కూడా పోయింది. వ్యవస్థ చెక్కుచెదరలేదు. వ్యవస్థనైతే మళ్లీ స్థాపించుకోవచ్చు. పోయిన ఫొటోలను ఎవరు తెచ్చివ్వగలరు?

ప్రత్యేక నిర్మాణ వాడుకరి ఉండాలని చెప్పడానికి అసలు కారణం ఇదే. ఆ వాడుకరి హోమ్ డైరెక్టరీలో నిర్మాణ ఫైళ్లు తప్ప మరేమీ ఉండవు. ఇతర కుటుంబ సభ్యుల హోమ్ డైరెక్టరీల అనుమతి 700గా ఉంటే అతడు వాటిని చదవను కూడా చదవలేడు. నకలు ఉన్న డిస్కును నిర్మాణ సమయంలో తీసి పక్కన పెట్టాలి.

ఇంకా గట్టి రక్షణ కోరేవారికి ఫెడోరాలో మాక్, డెబియన్‌లో ఎస్‌బిల్డ్, పీబిల్డర్ ఉన్నాయి. ఇవి విడిగా ఒక చిన్న వ్యవస్థను సృష్టించి దానిలో నిర్మిస్తాయి. అయితే మాక్ సమూహంలో చేరిన వాడుకరి తలచుకొంటే రూట్‌తో సమానమైన అధికారం పొందగలడని దాని పత్రాలే హెచ్చరిస్తున్నాయి. నమ్మదగినవారినే ఆ సమూహంలో చేర్చాలి.

స్థాపనకు ముందు పరిశీలన

నిర్మాణంలో ఎంత జాగ్రత్త పడినా, స్థాపన సమయంలో ప్యాకేజీ లోపలి స్క్రిప్టులు రూట్ హోదాలో నడుస్తాయి. కావున ముందుగా ప్యాకేజీని విప్పి చూడాలి. ఆర్‌పీఎం కమాండుకు క్యూపీఎల్ ఐచ్ఛికం ఇస్తే ఫైళ్ల జాబితా, క్యూపీతో స్క్రిప్ట్స్ ఐచ్ఛికం చేరిస్తే స్క్రిప్టులు కనబడతాయి. డెబ్ అయితే డీపీకేజీ-డెబ్ కమాండుకు చిన్న సీ ఇస్తే జాబితా వస్తుంది, చిన్న ఈ ఇస్తే స్క్రిప్టులు విడివడతాయి. జాబితాలో అనుకోని ఫైలు కనబడితే స్థాపన ఆపాలి.

2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఇక్కడ స్మరణీయం. 5.6.0, 5.6.1 విడుదలలలో దొంగదారి తెరిచే కోడు దాగి ఉంది. డెబ్ లేదా ఆర్‌పీఎం నిర్మాణం జరుగుతున్నదా అని నిర్మాణ స్క్రిప్టే చూసుకొని, అప్పుడు మాత్రమే ఆ కోడును చేర్చేది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్‌లో కలిగిన స్వల్ప ఆలస్యానికి కారణం వెదకుతూ దీనిని కనుగొన్నాడు. ఇటువంటి మోసాన్ని సాధారణ వాడుకరి హోదా పట్టుకోలేదు. సోర్సు ఎక్కడినుండి వచ్చిందన్న విచారణ ఎప్పటికీ అవసరమే.

ప్యాకేజీయే అక్కరలేని సందర్భాలు

ఒక్కరి వాడకానికే అయితే కాన్ఫిగర్ దశలో ప్రిఫిక్స్‌గా హోమ్‌లోని లోకల్ డైరెక్టరీని ఇచ్చి అక్కడే స్థాపించుకోవచ్చు. ఆ డైరెక్టరీ పేరు చుక్కతో మొదలవుతుంది. తెలుగు, కన్నడ, ఒడియా ఫాంట్లు కావలసినవారు అదే లోకల్ డైరెక్టరీలోని షేర్ లోపల ఫాంట్స్ అనే డైరెక్టరీలో ఫాంటు ఫైలు ఉంచి, ఎఫ్‌సీ-క్యాష్ కమాండు నడిపితే చాలు. రూట్ ప్రసక్తే లేదు.

ఏదైనా పాఠం 'ముందు సుడో టైపు చేయండి' అని చెబితే, అది స్థాపన దశ అవునో కాదో మొదట చూసుకోవాలి. కాకపోతే ఆ పదాన్ని తీసివేసి నడపాలి. అప్పుడు 'అనుమతి లేదు' అనే సందేశం వస్తే, వెంటనే సుడో చేర్చక, ఆ కమాండు ఏ ఫైలును తాకబోయిందో చదవాలి. ఇంట్లో కంప్యూటరు నేర్చే పిల్లలకు పెద్దలు మొదట అలవాటు చేయవలసింది ఇదే.