టీకా అంటే కవచమా?

"రెండు డోసులు వేయించుకున్నా కరోనా వచ్చిందిగా, ఇంకెందుకండీ ఆ టీకా?" 2021లో ఈ మాట విననివాళ్ళు తక్కువ. తప్పు టీకాది కాదు, మనం ఇచ్చిన ఉపమానానిది. కర్ణుడి కవచం అనుకున్నాం. కవచంలోంచి బాణం దూరితే అది నకిలీదనేగా అంటాం!

అసలు ఈ ఉపమానాల చరిత్రే ఓ తమాషా. జెన్నర్ కంటే ముందు మశూచి రసాన్నే చర్మంలో ఎక్కించేవాళ్ళు. దానికి 'ఇనాక్యులేషన్' అనే పేరు తోటమాలి మొగ్గ అంటు కట్టే పనిలోంచి వచ్చింది. మన తెలుగులోనూ మామిడికి కట్టేది అంటే, రోగానిదీ అంటే.

1796లో జెన్నర్ గోమశూచి రసంతో ఎనిమిదేళ్ళ కుర్రాడికి మశూచి రాకుండా చేశాడు. లాటిన్‌లో 'వాకా' అంటే ఆవు, అలా 'వాక్సీన్' పుట్టింది. ఆ ఆవే జనాన్ని భయపెట్టింది కూడా. 1802లో గిల్‌రే వేసిన కార్టూన్లో టీకా వేయించుకున్నవాళ్ళ ఒంట్లోంచి ఆవులు మొలుస్తుంటాయి!

1880లో పాశ్చర్ రైతులా ఆలోచించాడు. ఒకే పంట వేస్తే పొలంలో సారం అయిపోయినట్టు, మొదటిసారి వచ్చిన క్రిమి ఒంట్లో తనకి కావలసింది తినేస్తుంది, రెండోసారి వచ్చినదానికి తిండి ఉండదు అన్నాడు. చక్కటి పోలిక, కానీ తప్పు. 1886లో అమెరికాలో సాల్మన్, స్మిత్ చంపిన బాక్టీరియాతోనే పావురాలకి రక్షణ తెప్పించారు. చచ్చిన క్రిమి ఏం తింటుంది?

తర్వాత దర్జీ వచ్చాడు. శత్రువు కొలతలు తీసుకుని శరీరం యాంటీబాడీ కుడుతుందని 1940లో పౌలింగ్ అన్నాడు. కాదు, ఇది రెడీమేడ్ కొట్టు అని 1957లో బర్నెట్ తేల్చాడు (ఈ కొట్టు పోలిక నాదే లెండి). రకరకాల కణాలు ముందే ఉంటాయి, సరిపోయినదే వేలల్లో పెరుగుతుంది. కొన్ని జ్ఞాపకంగా మిగిలిపోతాయి.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి యాంటీవైరస్ అప్‌డేట్ అంటే సులువుగా ఎక్కుతుంది. కానీ అప్‌డేట్ నిమిషాల్లో పనిచేస్తుంది, ఒంటికి వారాలు పడుతుంది. పైగా ఒళ్ళు మరిచిపోతుంది కూడా.

నన్నడిగితే ఆఫీసుల్లో చేయించే ఫైర్ డ్రిల్ నయం. డ్రిల్ చేసినంత మాత్రాన నిప్పు అంటుకోదని కాదు, అంటుకున్నా కొంప కాలకుండా చూసుకుంటాం. ఏళ్ళు గడిస్తే మళ్ళీ చేయాలి, అదే బూస్టర్. ఇదీ కొంతదూరమే నడుస్తుందనుకోండి. కానీ "వేయించుకున్నా వచ్చిందిగా" అన్నవాళ్ళకి కవచం కంటే ఇది చెప్పడమే మేలు.