పాంచాలంకురిచ్చి వీరస్మారకములు

తెలుగుదేశమున వీరస్మారకములకు కొదువ లేదు. పోరిలో గాని, పసులమందలను కాపాడుటలో గాని ప్రాణములు విడిచినవానికి ఊరివారు వీరగల్లు నిలుపుట పూర్వాచారము. పల్నాటి కారెంపూడిలోని వీరుల గుడియు, బొబ్బిలిలో 1757 జనవరి 24వ తేదీ నాటి యుద్ధమునకు గుర్తుగా నిలిచిన స్తంభమును లోకవిదితములు. తెలుగువారు తరతరములుగా స్థిరపడిన తమిళదేశమునందును అట్టి స్థలమొకటి కలదు. అది నేటి తూత్తుకుడి జిల్లాలో ఒట్టపిడారమునకు చేరువనున్న పాంచాలంకురిచ్చి. స్మారకము ఎట్లు పుట్టును, ఎవరివలన నిలుచును అను ప్రశ్నలకు ఈ యూరి చరిత్రము చక్కని సమాధానము చెప్పుచున్నది.

పాంచాలంకురిచ్చి పాళెగాండ్రు రాజకంబళ నాయకులు. వీరి ఇంటిభాష తెలుగు. కులదైవము జక్కమ్మ, తమిళులు ఈ దేవతను శక్కదేవి యందురు. వంశమూలపురుషుని పేరు గెట్టిబొమ్ము అనియు, అదియే తమిళుల నోట కట్టబొమ్మన్ ఆయెననియు చెప్పుదురు. పాళెయముల వ్యవస్థ మధుర నాయకరాజుల కాలమున ఏర్పడినది. ఆ రాజుల పాలన కూలిన పిదప, కాలక్రమమున ఈ సీమలో కప్పము వసూలుచేయు అధికారము ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చెను. 1790లో పాళెయమునకు వచ్చిన వీరపాండ్య కట్టబొమ్మనకును కంపెనీవారికిని వైరము ఈ కప్పము కడనే మొదలయ్యెను.

1798 సెప్టెంబరులో రామనాథపురమున కలెక్టరు జాక్సనుతో జరిగిన సమావేశము ఘర్షణతో ముగిసెను. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన మేజర్ బానర్మన్ కోటను ముట్టడించెను. కట్టబొమ్మన్ కోట విడిచి వెడలి, పుదుక్కోట రాజ్యమున పట్టుబడి, 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో ఉరితీయబడెను. ఆతని తమ్ముడు ఊమైదురై, అనగా మూగదొర, పాళయంగోట చెరలో ఉంచబడెను. 1801 ఫిబ్రవరి 2వ తేదీన ఆతడు చెర తప్పించుకొని వచ్చి, నేలమట్టమైన కోటను కొలది దినములలోనే మట్టితో తిరిగి లేపించెను. మార్చి 31వ తేదీన కంపెనీసేన దానిపై దాడిచేసి పెక్కుమందిని కోల్పోయి వెనుదిరిగెను. మే 24వ తేదీన గాని ఆ మట్టికోట కర్నల్ ఆగ్న్యూ చేతికి చిక్కలేదు. పిమ్మట మరుదు సోదరులతో కలిసి పోరాడిన ఊమైదురై ఆ సంవత్సరము నవంబరులో పట్టుబడి, పాంచాలంకురిచ్చిలోనే ఉరితీయబడెను.

విజేతలు అంతటితో తృప్తిచెందలేదు. కోటను కూలద్రోసి, ఆ నేలను దున్నించి ఆముదములు విత్తించిరనియు, జిల్లా దస్తరములనుండి ఊరిపేరును కొట్టివేయించిరనియు తిరునెల్వేలి చరిత్రమునందు చెప్పబడియున్నది. స్మారకము ఎంతటి బలము గలదో శత్రువునకే బాగుగా తెలియును. జ్ఞాపకము నిలుచుటకు చోటు లేకుండ చేయుటయే వారి యుద్దేశము.

ఆ నేలమీదనే గెలిచినవారు తమవారికొరకు ఒక స్మారకము నిలుపుకొనిరి. యుద్ధమున మడిసిన ఆంగ్లేయుల గోరీలు నేటికిని అచ్చట కలవు. ఓడినవారికి అట్టి యవకాశము లేదు. పేరు పలుకుటయే నేరమైన కాలమున శాసనము చెక్కించువారెవరు? కావున జనులు తమకు చేతనైన పని చేసిరి. కట్టబొమ్మనను ఉరితీసిన కయత్తారులో దారిని పోవువారు ఒక్కొక్కరు ఒక్కొక్క రాయి వేసి పోయిరి. కాలక్రమమున ఆ చోట పెద్ద రాళ్లకుప్ప యేర్పడెను. దానికి శిల్పి లేడు, వ్యయము లేదు, ప్రతిష్ఠ చేసిన ప్రభువు లేడు. రాయి వేయుట ఎవరును ఆజ్ఞాపించినది కాదు. కావుననే ఎవరును నిషేధింపజాలరైరి.

రెండవ ఆశ్రయము జక్కమ్మ గుడి. కోట పోయినను కులదైవము పోలేదు. తమిళుల చిత్తిరై నెల చివరి దినములలో, అనగా మే మాసమున, ఏటేట ఇచ్చట ఉత్సవము జరుగును. దూరగ్రామముల యువకులు జ్యోతులు చేతబట్టి పరుగెత్తి వచ్చి దేవికి సమర్పింతురు. కారెంపూడిలో కార్తికమాసమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో అయిదు దినములు పల్నాటి కథ తిరిగి జరిగినట్లే, ఇచ్చటను స్మరణము పూజతో ముడిపడియున్నది. శిల ఒకమారు నిలిపిన చాలును. ఉత్సవమును ప్రతిసంవత్సరము మరల చేయవలెను. ఆ మరల చేయుటలోనే దాని బలమున్నది.

మూడవది పాట. ఊరూర కథాగేయములుగా పాడబడిన ఈ గాథ 20వ శతాబ్దిలో గ్రంథస్థమాయెను. 1949లో మ. పొ. శివజ్ఞానం కట్టబొమ్మన్ చరిత్రమును తమిళమున వ్రాసెను. 1959లో బి. ఆర్. పంతులు నిర్మించిన చలనచిత్రము దానిని ఇంటింటికి చేర్చెను. అందు నాయకపాత్ర ధరించిన శివాజీ గణేశన్ కయత్తారులో విగ్రహము నిలిపించెను. తమిళనాడు ప్రభుత్వము 1974లో పాంచాలంకురిచ్చియందు స్మారకకోటను కట్టించెను. 1999లో భారతప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను. 2015లో కయత్తారున స్మారకమంటపము వెలసెను. ఈ క్రమమును గమనింపవలెను. కోట కూలిన 173 సంవత్సరములకు గాని ప్రభుత్వము కోట కట్టలేదు. అంతకాలమును జ్ఞాపకమును మోసినది రాళ్లకుప్పయు, గుడియు, పాటయు.

అయితే స్మారకము చూపునదెంతయో మరుగుపరచునదియు అంత కలదు. కంపెనీపక్షమున నిలిచిన ఎట్టయపురము పాళెగాండ్రును తెలుగు మాటలాడు కంబళ నాయకులే. కోట పడిన నాడు గాయపడి పీనుగుల నడుమ పడియున్న ఊమైదురైను స్త్రీలు గుర్తించి మోసికొనిపోయిరి. ఎట్టయపురమువారు వెదకుచు రాగా, ఇతడు మశూచికము సోకిన బాలుడని చెప్పి వారిని పారద్రోలిరి. ఈ కథను శత్రుసేనలోని జేమ్స్ వెల్ష్ తన 1830 నాటి గ్రంథమున వ్రాసియుంచెను. ఆ స్త్రీల పేర్లు ఏ శిలపైనను లేవు. అటులనే కట్టబొమ్మన్ పక్షమున పోరినవారందరును ఒక్క కులమువారు కారు. మరవవీరుడగు వెళ్లయత్తేవన్, దేవేంద్రకులజుడగు సుందరలింగము జనుల పాటలలో ఆతనితో సమముగా నిలిచిరి. స్మారకమును ఒక కులపు సొత్తుగాను, ఒక భాష సొత్తుగాను మార్చుట ఆ మృతులయెడ అన్యాయము.

ఇక మిగిలినది భాష. కట్టబొమ్మన్ ఇంటిభాష తెలుగు. ఆతని కీర్తిని కాపాడినది తమిళము. ఇందు తెలుగువారు చింతింపవలసినది లేదు, కృతజ్ఞులు కావలసియున్నది. కాని కంబళ నాయకుల ఇండ్లలో జక్కమ్మను తలచు మాటలు, పెండ్లిపాటలు, పూర్వులు దక్షిణమునకు వచ్చిన కథలు లిపి నెరుగక నోటనోట నడచుచున్న తెలుగులో నున్నవి. వానికి కోట లేదు, మంటపము లేదు. అవి వృద్ధులతో పోయినచో తిరిగి కట్టుటకు ఏ ప్రభుత్వమునకును శక్తి చాలదు. తెలుగు బడులు గల చోట్ల బాలురు తమ తాతలను, అవ్వలను అడిగి ఆ మాటలను ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొనిన చాలును. కయత్తారు బాటసారులు చేసినదియు అంతియే: ఒక్కొక్కరు ఒక్కొక్క రాయి.